పాఠం ఉచితం, అభ్యాసానికి వెల: మూక్ కోర్సుల సమీక్ష

ఆన్‌లైన్ కోర్సులు అందించే కోర్సెరాలోనో ఎడెక్స్‌లోనో ఫలానా కోర్సు చేయవచ్చా అని ఎవరైనా అడిగితే, నేను ఆ కోర్సు పేజీలో అధ్యాపకుడి పేరు కంటే, వీడియోల నిడివి కంటే ముందు అభ్యాసాల వివరాలు వెతుకుతాను. విద్యార్థి చేత వారంవారం ఏం చేయిస్తారు, చేసినదాన్ని ఎవరు దిద్దుతారు, తప్పయితే ఎక్కడ తప్పిందో చెబుతారా, ఆ దిద్దుబాటు డబ్బు కట్టని వారికి కూడా అందుతుందా అన్నవి తెలిస్తే ఆ కోర్సు గురించి తెలుసుకోవలసినది చాలావరకు తెలిసినట్లే. మూక్స్ అని పిలుస్తున్న ఈ భారీ ఆన్‌లైన్ కోర్సులను చాలాకాలంగా వాడుతున్న విద్యార్థిగా నా అభిప్రాయం ఇది: వీటి అసలు విలువ పాఠంలో కంటే అభ్యాసంలో ఎక్కువగా ఉంది, గత దశాబ్దంలో ఈ సంస్థలు వెల కట్టింది కూడా సరిగ్గా ఆ అభ్యాసానికే. మంచి చెడ్డలు ఏవి చెప్పినా ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టుకునే చెప్పాలి.

విశ్వవిద్యాలయ ఉపన్యాసాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరకడం మూక్స్‌తో మొదలు కాలేదు. తన కోర్సుల నోట్సులను, ప్రశ్నపత్రాలను, కొన్నింటి వీడియోలను ఓపెన్‌కోర్స్‌వేర్ పేరుతో అందరికీ తెరుస్తానని ఎంఐటీ 2001లోనే ప్రకటించి, మరుసటి ఏడు నుంచి వాటిని పెట్టడం మొదలుపెట్టింది. 2008లో కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయం తరఫున జార్జ్ సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ నడిపిన కోర్సులో ఫీజు కట్టిన పాతిక మంది విద్యార్థులతో పాటు రెండు వేల మందికి పైగా బయటివారు ఉచితంగా చేరారు. మూక్ అన్న పేరు వచ్చింది కూడా ఆ సందర్భంలోనే. అయితే ప్రపంచం దృష్టి ఇటు మళ్లింది మాత్రం 2011 చివరి నెలల్లో, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం మూడు కంప్యూటర్ సైన్స్ కోర్సులలో ఎవరైనా చేరవచ్చునని ప్రకటించినప్పుడు. సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ కలిసి బోధించిన కృత్రిమ మేధ కోర్సులో సుమారు 1,60,000 మంది నమోదు చేసుకున్నారు. ఆండ్రూ ఎంగ్ మెషీన్ లెర్నింగ్ కోర్సుకు లక్ష మంది దాకా వచ్చారు. జెన్నిఫర్ విడోమ్ బోధించిన డేటాబేసుల కోర్సు మూడవది.

అంతకు పదేళ్ల ముందు నుంచీ ఎంఐటీ పాఠాలు ఊరికే దొరుకుతుండగా, ఈ మూడు కోర్సులకు అంతమంది ఎందుకు వచ్చారన్నది ఆలోచించదగిన ప్రశ్న. నా దృష్టిలో దానికి జవాబు ఈ కోర్సుల నిర్మాణంలోనే ఉంది. పాఠం మధ్యలో వీడియో ఆగి ప్రశ్న అడిగేది. జవాబు ఇచ్చాకే ముందుకు సాగేది. ప్రతి వారం ఒక అసైన్‌మెంటు, దానికొక గడువు ఉండేవి. సమర్పించిన కొద్ది క్షణాల్లో మార్కు వచ్చేది. అదే వారంలో అదే లెక్కతో కుస్తీ పడుతున్న వేల మంది చర్చా వేదికలో కనిపించేవారు. ఆండ్రూ ఎంగ్ కోర్సులో ఆక్టేవ్ భాషలో ప్రోగ్రాములు రాసి పంపవలసి ఉండేది. సర్వర్ వాటిని తన దగ్గరున్న లెక్కలతో సరిచూసి, ఏ భాగం సరిగా ఉందో, ఏది లేదో విడివిడిగా చెప్పేది. లెక్కలోని తప్పును మెట్టుమెట్టుగా తగ్గించుకుంటూ పోయే గ్రేడియెంట్ డిసెంట్ పద్ధతి గురించి వీడియోలో విన్నప్పుడు అంతా అర్థమైనట్లే ఉంటుంది. దాన్ని నాలుగు వరుసల కోడ్‌గా రాసి పంపినప్పుడు ఫలితం సున్నా వస్తే, ఎక్కడ అర్థం కాలేదో అప్పుడు తెలుస్తుంది. సరిచేసి మళ్లీ పంపవచ్చు, మళ్లీ తప్పవచ్చు, ఎన్నిసార్లయినా విసుక్కోకుండా దిద్దే గురువు అక్కడ ఉన్నాడు. చదువు జరిగింది అలా మళ్లీ మళ్లీ చేసిన ప్రయత్నాల్లోనే.

2012 మార్చిలో ఎంఐటీ మొదలుపెట్టిన సర్క్యూట్లు, ఎలక్ట్రానిక్స్ కోర్సు ఇదే పద్ధతిని మరొక అడుగు ముందుకు తీసుకువెళ్లింది. బ్రౌజర్‌లోనే రెసిస్టర్లను, కెపాసిటర్లను కలిపి సర్క్యూట్ కట్టి పరీక్షించే ప్రయోగశాలను అందులో అమర్చారు. దాదాపు 1,55,000 మంది నమోదు చేసుకోగా 7,157 మంది ఉత్తీర్ణులయ్యారు. ఇరవై మందిలో ఒకరు కూడా గట్టెక్కలేదని కొందరు దీన్ని వైఫల్యంగా లెక్కగట్టారు. కానీ ఇంజనీరింగ్ రెండవ సంవత్సరం స్థాయిలో, కలన గణితం (కాల్క్యులస్) వచ్చి ఉండాలన్న షరతుతో నడిచిన ఒకే ఒక్క కోర్సులో ఏడు వేల మంది పైచిలుకు ఉత్తీర్ణులు కావడమన్నది ఒక అధ్యాపకుడు తరగతి గదిలో జీవితకాలం బోధించినా అరుదుగా సాధ్యమయ్యే పని. ఈ రెండు లెక్కలూ నిజమే. మొదటిదాన్ని మాత్రమే పట్టుకుని ఈ కోర్సులను కొట్టిపారేసిన వారితో నేను ఏకీభవించలేను.

ఆ ఊపులో 2012లో సంస్థలు వరుసగా పుట్టాయి. థ్రన్ ఉడాసిటీని, ఆండ్రూ ఎంగ్, డాఫ్నీ కోలర్ కలిసి కోర్సెరాను స్థాపించారు. ఎంఐటీ, హార్వర్డ్ చెరి మూడు కోట్ల డాలర్లు పెట్టి లాభాపేక్ష లేని సంస్థగా ఎడెక్స్‌ను నెలకొల్పాయి. ఆ ఏడాదిని మూక్స్ సంవత్సరమని న్యూయార్క్ టైమ్స్ పత్రిక వర్ణించింది. దూరవిద్యలో 1969 నుంచీ అనుభవమున్న బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ స్థాపించిన ఫ్యూచర్‌లెర్న్, 2013లో తొలి కోర్సులను ప్రారంభించింది. కళాశాలలే అక్కరలేని రోజు వస్తుందన్న మాటలు కూడా అప్పట్లో గట్టిగానే వినిపించాయి.

ఆ మాటలకు తొలి పరీక్ష 2013లోనే ఎదురైంది. అమెరికాలోని శాన్ హోసే స్టేట్ విశ్వవిద్యాలయం ఉడాసిటీతో కలిసి ప్రాథమిక గణితం, బీజగణితం, గణాంకశాస్త్రం కోర్సులను, డిగ్రీలో లెక్కకు వచ్చే క్రెడిట్ల కోసం నడిపింది. గణితంలో ముందే వెనుకబడిన విద్యార్థులు వాటిలో గణనీయంగా ఉన్నారు. మామూలు తరగతుల కంటే ఉత్తీర్ణత బాగా తక్కువగా రావడంతో ఆ ప్రయోగాన్ని కొంతకాలం ఆపివేశారు. తమ సరుకు అటువంటి విద్యార్థులకు సరిపడేది కాదని థ్రన్ తానే బహిరంగంగా ఒప్పుకుని, సంస్థను ఉద్యోగ నైపుణ్యాల శిక్షణ వైపు మళ్లించారు. ఇదే విశ్వవిద్యాలయంలో జరిగిన మరొక ప్రయోగం గురించి అంతగా ఎవరూ మాట్లాడరు. అక్కడి అధ్యాపకులు ఎంఐటీ సర్క్యూట్ల కోర్సు వీడియోలను, అభ్యాసాలను విద్యార్థులకు ఇంటిపనిగా ఇచ్చి, తరగతి సమయాన్ని లెక్కలు చేయించడానికి, సందేహాలు తీర్చడానికి వాడుకున్నారు; ఉత్తీర్ణత చెప్పుకోదగినంతగా పెరిగింది. అవే పాఠాలు, అవే అభ్యాసాలు మనిషి తోడున్నచోట ఒకలా, లేనిచోట మరొకలా పనిచేశాయి. అదే ఏడాది, హార్వర్డ్ ఆచార్యుడు మైఖేల్ శాండెల్ న్యాయం గురించి చెప్పిన ఎడెక్స్ కోర్సును తమ తరగతుల్లో వాడబోమని శాన్ హోసే స్టేట్ తత్వశాస్త్ర శాఖ అధ్యాపకులు ఆయనకు బహిరంగ లేఖ రాశారు. తత్వశాస్త్రంలో విద్యార్థి వేసే ప్రశ్నకు ఎదురుగా ఉన్నవాడు అప్పటికప్పుడు ఇచ్చే జవాబే బోధన కనుక, ఆ లేఖలో న్యాయముందని నేను నమ్ముతున్నాను.

ఇక్కడే ఈ సేవల అన్నిటికంటే పెద్ద లోపం బయటపడుతుంది. జవాబు ఇదీ అని ముందే చెప్పగల విషయాల్లో యంత్రం అద్భుతంగా దిద్దుతుంది. ప్రోగ్రామింగ్, గణితం, సర్క్యూట్లు, కొంతవరకు ఆర్థికశాస్త్రం ఈ కోవలోకి వస్తాయి. చరిత్రపై వ్యాసమో, ఒక కవితపై విశ్లేషణో, ఒక భవన నమూనాయో దిద్దవలసి వచ్చినప్పుడు యంత్రం చేతులెత్తేస్తుంది. దానికి కోర్సెరా ఎంచుకున్న ఉపాయం తోటి విద్యార్థుల చేత దిద్దించడం. ప్రతి వ్యాసాన్నీ అనేక మంది చదివి, ముందుగా ఇచ్చిన కొలమానం ప్రకారం మార్కులు వేస్తారు. ఆ మార్కులన్నిటినీ కలిపి చివరి మార్కు నిర్ణయిస్తారు. సూత్రప్రాయంగా ఇది మంచి ఆలోచన, ఎందుకంటే ఇతరుల వ్యాసాన్ని దిద్దే క్రమంలో మన వ్యాసంలోని లోపం కూడా కనబడుతుంది. ఆచరణలో మాత్రం, ఎంతో శ్రమపడి రాసిన రెండు పేజీలకు బాగుంది అన్న ఒక్క మాటే వ్యాఖ్యగా వచ్చిన సందర్భాలు నాకు అనేకం. దిద్దేవారిని తప్పుపట్టలేము; వారు కూడా నేర్చుకోవడానికే వచ్చారు, తమకు తెలియని విషయంలో లోతైన వ్యాఖ్య రాయమంటే ఎలా రాయగలరు? మానవీయ శాస్త్రాల కోర్సుల్లో ఎంత గొప్ప ఉపన్యాసాలున్నా వాటిని నేను వినదగినవిగానే సిఫారసు చేస్తాను, చేయదగినవిగా చేయలేను.

తోటి విద్యార్థుల సంగతి వచ్చింది కనుక చర్చా వేదికల గురించి కూడా చెప్పాలి. తొలినాటి కోర్సులు ఒక తేదీన మొదలై ఒక తేదీన ముగిసేవి. మూడవ వారం లెక్కలో చిక్కుకున్నవాడికి అదే రాత్రి అదే లెక్క చేస్తున్న మరొకడు జవాబు చెప్పేవాడు, అధ్యాపకుడి సహాయకులు కూడా తొంగి చూసేవారు. తర్వాత ఎవరికి వీలైనప్పుడు వారు చేరే పద్ధతి వచ్చింది. ఉద్యోగాలు, పిల్లలు, బాధ్యతలు ఉన్నవారికి ఇది ఎంతో మేలు చేసిన మాట నిజం. కానీ దానితో పాటు సహపాఠి అన్నవాడు మాయమయ్యాడు. ఇప్పుడు చాలా కోర్సుల వేదికల్లో ప్రశ్నలు ఏళ్ల క్రితం అడిగినవి, జవాబులు ఏళ్ల క్రితం ఇచ్చినవి. కొత్తగా అడిగితే పలికేవారు అరుదు. ఈ విషయంలో ఫ్యూచర్‌లెర్న్ మిగతా వాటికంటే మెరుగు. పాఠంలోని ప్రతి మెట్టు కింద అక్కడే సంభాషణ జరిగేలా వారు మొదటి నుంచీ దాన్ని నిర్మించారు. అక్కడ అభ్యాసాలు తేలికగా ఉంటాయి, మాట మాత్రం సజీవంగా ఉంటుంది. చరిత్ర, ఆరోగ్యం, భాషల వంటి విషయాలకు నేను ముందు అక్కడే వెతుకుతాను.

వీడియోల నాణ్యత గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మొత్తం మీద చాలా బాగుంటాయి. ఎడెక్స్ కోర్సుల్లోని లక్షల వీక్షణలను పరిశీలించి 2014లో వెలువడిన ఒక అధ్యయనం, ఆరు నిమిషాల లోపు వీడియోలనే విద్యార్థులు ఎక్కువగా చివరిదాకా చూస్తున్నారని తేల్చింది. అప్పటి నుంచి పాఠాలను ముక్కలు చేయడం అన్నిచోట్లా రివాజైపోయింది. హార్వర్డ్‌లో డేవిడ్ మలన్ బోధించే కంప్యూటర్ సైన్స్ పరిచయ కోర్సు సీఎస్50 ఉపన్యాసాలు ఒక్కొక్కటి రెండు గంటల వరకు సాగినా లోకమంతా చూస్తోంది కాబట్టి, నిడివి ఒక్కటే కొలమానం కాదని కూడా గుర్తించాలి. అయితే ఎంత మంచి వీడియో అయినా అది ఒడ్డున నిలబడి ఈత చూడటమే. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు జరిపిన ప్రయోగంలో, ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. చదివింది జ్ఞాపకం చేసుకుని రాసినవారు వారం తర్వాతి పరీక్షలో వారిని దాటిపోయారు. అత్యధికులు చేరిన మూక్స్‌లో ఒకటైన లెర్నింగ్ హౌ టు లెర్న్ కోర్సులో బార్బరా ఓక్లీ, టెరెన్స్ సెజ్నోస్కీ పదేపదే చెప్పేది కూడా ఇదే: పుస్తకం మూసి గుర్తు చేసుకోండి, చూసినంత మాత్రాన వచ్చేసిందని భ్రమపడకండి. వీడియోలు మాత్రమే చూసి కోర్సు అయిపోయిందనుకునే అలవాటుకు ఈ సేవలు ఎంత దోహదం చేస్తున్నాయో ఆలోచిస్తే నాకు బాధ కలుగుతుంది.

ఎందుకు దోహదం చేస్తున్నాయంటే, అభ్యాసాలకు అడ్డుగోడ లేచింది కనుక. 2013లో కోర్సెరా, విద్యార్థి ఎవరో నిర్ధారించి ఇచ్చే సర్టిఫికెట్‌కు రుసుము పెట్టింది. అది సమంజసమే, కోర్సు మొత్తం ఉచితం, కాగితానికి మాత్రమే వెల. 2014లో అనేక కోర్సులను ఒక గుత్తిగా కట్టి స్పెషలైజేషన్లుగా అమ్మడం మొదలైంది. ఆ తర్వాత రెండేళ్లలోనే చాలా కోర్సుల్లో మార్కులు వేసే అసైన్‌మెంట్లు డబ్బు కట్టినవారికే పరిమితమయ్యాయి. ఉచితంగా చేరినవారికి వీడియోలు చూసే వీలు చాలాచోట్ల మిగిలింది, కొన్నిచోట్ల అదీ లేదు. లాభాపేక్ష లేని ఎడెక్స్ కూడా 2018 చివరలో అదే దారి పట్టింది. దిద్దే అసైన్‌మెంట్లు రుసుము చెల్లించేవారికే, ఉచితంగా చూసేవారికి కోర్సు కొన్ని వారాల పాటు మాత్రమే అన్న నియమం తెచ్చింది. ఫ్యూచర్‌లెర్న్ కూడా ఉచిత ప్రవేశానికి కాలపరిమితి పెట్టింది. యంత్రం దిద్దే అసైన్‌మెంటుకు ఒక విద్యార్థి ఎక్కువైతే సంస్థపై పడే అదనపు ఖర్చు చాలా స్వల్పం. ఖర్చు దృష్ట్యా ఈ నిర్ణయం తీసుకోలేదు. విద్యార్థులు దేనికి డబ్బు కడతారో సంస్థలకు బాగా అర్థమైంది కనుక తీసుకున్నాయి. విలువ ఎక్కడుందో వారు సరిగానే గుర్తించారన్నది ఒప్పుకోవలసిందే.

సంస్థల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పడం న్యాయం. ఒక మంచి కోర్సు తయారీకి నెలల శ్రమ, పెద్ద బృందం కావాలి. ఆ ఖర్చును ఎవరో ఒకరు భరించాలి. కోర్సెరాలో ఫీజు కట్టలేనివారు ఆర్థిక సహాయానికి దరఖాస్తు చేసుకునే వెసులుబాటు మొదటి నుంచీ ఉంది, దాన్ని వాడుకుని లాభపడినవారు ఉన్నారు. పైగా డబ్బు కట్టినవారు కోర్సును పట్టుదలగా ముగిస్తారన్నది కూడా వాస్తవమే. హార్వర్డ్, ఎంఐటీ ఎడెక్స్ కోర్సుల సమాచారాన్ని పరిశీలించి 2019లో సైన్స్ పత్రికలో వెలువడిన వ్యాసం ప్రకారం, 2017–18లో నమోదు చేసుకున్నవారిలో 3.13 శాతమే కోర్సు పూర్తి చేశారు. నమోదైనవారిలో సగానికి పైగా ఒక్కసారి కూడా కోర్సు తెరిచి చూడలేదు. సర్టిఫికెట్‌కు డబ్బు కట్టినవారిలో మాత్రం దాదాపు సగం మంది పూర్తి చేశారు. కట్టిన డబ్బు వల్ల పట్టుదల వచ్చిందా, పట్టుదల ఉన్నవారే డబ్బు కట్టారా అన్నది ఈ అంకెలు తేల్చలేవు. రెండవదే ఎక్కువ నిజమని నేననుకుంటాను.

అదే వ్యాసంలో మరొక సంగతి ఉంది: చేరినవారిలో ఎక్కువమంది ధనిక దేశాలవారు, తొలి ఏడాది తర్వాత తిరిగి రానివారు. అంతకు ముందు 2013లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు తమ కోర్సెరా విద్యార్థులను సర్వే చేసినప్పుడు, ప్రతి అయిదుగురిలో నలుగురికి అప్పటికే డిగ్రీ ఉందని తేలింది. చదువుకు దూరమైనవారికి చదువు అందిస్తామన్న మాటతో మొదలైన సేవ, చదువుకున్నవారికి మరికొంత చదువు అందించే సేవగా స్థిరపడిందన్నమాట. అది నిరుపయోగమని నేను అనను. ఉద్యోగంలో ఉండి కొత్త విద్య నేర్చుకోవలసినవారికి, పాత విషయాన్ని తిరగేసుకోవాలనుకునే ఉపాధ్యాయులకు ఇంతకంటే మంచి సాధనం ఇదివరకెన్నడూ లేదు. ఎలా చదవాలో ముందే తెలిసినవారికి ఇది అక్షయపాత్ర. చదవడం ఎలాగో నేర్పే మనిషి అవసరమైనవారికి ఇందులో దొరికేది తక్కువ.

అందుకే ఈ సేవలు క్రమంగా ఉద్యోగార్థుల వైపు, కంపెనీల వైపు తిరిగాయి. 2018లో గూగుల్ తన ఐటీ సపోర్ట్ సర్టిఫికెట్‌ను కోర్సెరాలో పెట్టింది; ఆ తర్వాత డేటా విశ్లేషణ, సైబర్ భద్రత వంటి విషయాల్లో అటువంటివి చాలా వచ్చాయి. కోవిడ్ కాలంలో, 2020లో, కళాశాలలన్నీ మూతపడినప్పుడు నమోదులు ఒక్కసారిగా పెరిగాయి. మరుసటి సంవత్సరమే కోర్సెరా న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజిలో నమోదైంది, ఎడెక్స్‌ను 2యూ అనే వ్యాపార సంస్థ 80 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ 2యూ 2024లో అప్పుల భారంతో దివాలా రక్షణ కోరింది. ఫ్యూచర్‌లెర్న్ 2022లో, ఉడాసిటీ 2024లో చేతులు మారాయి. వాడుకరికి ఇదంతా ఎందుకంటారా? ఈ సేవల్లో దేన్నీ శాశ్వతమైన గ్రంథాలయంగా నమ్ముకోకూడదని తెలుసుకోవడానికి. 2016లో కోర్సెరా తన పాత వేదికను మూసివేసినప్పుడు వందల కోర్సులు ఒక్కసారిగా అందుబాటులో లేకుండా పోయాయి. కోర్సు చేస్తున్నప్పుడే మీ నోట్సును, మీరు రాసిన జవాబులను మీ కంప్యూటర్లో భద్రపరచుకోండి.

డబ్బు కట్టి చేయవలసిన చదువే అయితే, ఈ మార్గంలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయం ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ డిగ్రీ. ఉడాసిటీ, టెలికాం సంస్థ ఏటీ అండ్ టీ సహకారంతో 2014 జనవరిలో మొదలైన ఈ డిగ్రీ మొత్తానికి ఖర్చు సుమారు ఏడు వేల డాలర్లుగా నిర్ణయించారు. అమెరికాలో అటువంటి డిగ్రీకి అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ. పాఠాలు మూక్ పద్ధతిలోనే ఉంటాయి. తేడా అంతా దిద్దుబాటులో ఉంది: అసైన్‌మెంట్లను చూడటానికి, ప్రశ్నలకు జవాబివ్వడానికి సహాయక అధ్యాపకులు పెద్ద సంఖ్యలో ఉన్నారు, వారిలో ఆ డిగ్రీ చేసినవారే చాలామంది. వేల మంది చదువుతున్నా, విద్యార్థి రాసినదాన్ని చదివే మనిషి అక్కడ ఉన్నాడు. మూక్స్ వాగ్దానం చేసినదానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చిన కార్యక్రమం ఇదేనని నా నిశ్చితాభిప్రాయం.

దీనికి కొంత భిన్నమైన దారిలో ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు నడిపే వేదికలు వెళ్లాయి. ఎడెక్స్ తన సాఫ్ట్‌వేర్‌ను 2013లో అందరికీ ఉచితంగా విడుదల చేయడంతో, ఫ్రాన్స్‌లో ఫన్, చైనాలో షుయెతాంగ్ఎక్స్ వంటివి దాని మీదే రూపొందాయి. ఎడెక్స్ చేసిన పనులన్నిటిలో చిరకాలం నిలిచేది ఇదే కావచ్చు. భారత ప్రభుత్వం 2017లో ప్రారంభించిన స్వయం వేదికలో పాఠాలు, వారంవారం అసైన్‌మెంట్లు ఉచితం. పరీక్షా కేంద్రానికి వెళ్లి రాసే చివరి పరీక్షకే రుసుము ఉంటుంది. వేదిక రూపురేఖలు కోర్సెరా అంత నాజూకుగా ఉండవు. అయినా అభ్యాసాన్ని ఉచితంగా ఉంచి, యోగ్యతను నిర్ధారించడానికి మాత్రమే వెల పెట్టడం సరైన పద్ధతి అని నా నమ్మకం. 2013లో పెద్ద సంస్థలు మొదలుపెట్టి, తర్వాత వదిలేసిన పద్ధతి కూడా అదే కదా.

యంత్రం దిద్దే సర్టిఫికెట్ల విలువ ఇప్పుడు మరొక వైపు నుంచి తరుగుతోంది. క్విజ్ ప్రశ్నలకు, చిన్న ప్రోగ్రాములకు చాట్‌బాట్లు క్షణాల్లో జవాబులు ఇచ్చేస్తున్నప్పుడు, పర్యవేక్షణ లేకుండా ఇంటి నుంచి సంపాదించిన సర్టిఫికెట్ ఏం రుజువు చేస్తుందో చెప్పడం కష్టం. మరోపక్క, అవే యంత్రాలను కోర్సుల్లో సహాయకులుగా కూడా పెడుతున్నారు. 2023 నుంచి ఉచిత పాఠాల వేదిక ఖాన్ అకాడమీ, కోర్సెరా రెండింటిలోనూ ఇటువంటివి వచ్చాయి. ఈ ఆశకు మూలం పాతది. ఒక్కొక్కరికి ఒక గురువు ఉంటే సగటు విద్యార్థి కూడా మామూలు తరగతిలోని 98 శాతం మందిని మించగలడని 1984లో విద్యా పరిశోధకుడు బెంజమిన్ బ్లూమ్ రాశారు. తర్వాతి పరిశోధనలు అంతటి తేడా చూపలేదు కానీ, గురువు పక్కనుండటం వల్ల మేలు గట్టిదేనని అవి కూడా అంగీకరించాయి. నేను గమనించినంతలో, ఈ సహాయకులు అడిగినదానికి చక్కగా వివరిస్తాయి. అడగడం తెలియని విద్యార్థి దగ్గర మౌనంగా ఉంటాయి. జవాబు చెప్పేయకుండా మరొక ప్రశ్నతో నడిపించేలా తీర్చిదిద్దినవాటి మీద మాత్రం నాకు నమ్మకం కలుగుతోంది.

చేరాలనుకునేవారికి నా సిఫారసులు ఇవి. ప్రోగ్రామింగ్ మొదలుపెట్టేవారు హార్వర్డ్ సీఎస్50ను ఆ విశ్వవిద్యాలయం సొంత వెబ్‌సైట్‌లోనే చేయండి. అక్కడ అసైన్‌మెంట్లన్నీ ఉచితంగా దిద్దుతారు, పూర్తి చేస్తే ఉచిత సర్టిఫికెట్ కూడా ఇస్తారు. మొదటి వారం తర్వాత అభ్యాసాలు ఒక్కసారిగా బరువెక్కుతాయి. అక్కడ ఆగిపోకుండా ఒక్కో సమస్యకు గంటలు కేటాయించుకోగలిగితే ఆ కోర్సు పెట్టిన సమయానికి నిండుగా ఫలితమిస్తుంది. ప్రోగ్రామింగ్ జోలికి పోకుండా కృత్రిమ మేధ అంటే ఏమిటో తెలుసుకోవాలనుకునేవారికి, హెల్సింకీ విశ్వవిద్యాలయం 2018లో ప్రారంభించిన ఎలిమెంట్స్ ఆఫ్ ఏఐ సరిగ్గా సరిపోతుంది; అదీ పూర్తిగా ఉచితం. గణితం, భౌతికశాస్త్రం లోతుగా చదవాలనుకునే పట్టుదల గలవారికి ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్ ఇప్పటికీ సాటిలేనిది. అందులో చాలా కోర్సులకు లెక్కలూ వాటి పరిష్కారాలూ రెండూ ఉన్నాయి. ముందు లెక్క చేసి తర్వాత పరిష్కారం చూసే నిగ్రహం ఉంటే దిద్దే యంత్రం అవసరం కూడా అంతగా ఉండదు.

కోర్సెరా, ఎడెక్స్‌లలో ఏదైనా కోర్సుకు డబ్బు కట్టేముందు, మొదటి వారం ఉచితంగా చూడనిస్తే చూసి, రెండు విషయాలు పరిశీలించండి. అసైన్‌మెంట్లలో నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే క్విజ్‌లే ఉన్నాయా, లేక మీరు స్వయంగా ఏదైనా తయారు చేయాలా? చర్చా వేదికలో గత నెలలో అడిగిన ప్రశ్నకు కోర్సు సిబ్బందిలో ఎవరైనా జవాబు ఇచ్చారా? క్విజ్‌లు మాత్రమే ఉండి, వేదిక నిశ్శబ్దంగా ఉంటే డబ్బు కట్టకండి; అదే విషయంపై ఒక మంచి పాఠ్యపుస్తకం, దాని చివర అభ్యాసాలు అంతకంటే మేలు చేస్తాయి. నెలసరి చందా కడుతున్నవారు గడువును తరుముకుంటూ పాఠాలు దాటవేయకుండా, తీరిక ఉన్న నెలను ముందే చూసుకుని ఆ నెలకే చందా కట్టి, ఒకే ఒక్క కోర్సును పట్టుకుని అందులోని అసైన్‌మెంట్లన్నిటినీ ముగించి, ఆ వెంటనే చందా ఆపివేయడం మంచిది.